పేపరు ముందా, పేటెంటు ముందా: క్యాన్సర్ మందుపై పనిచేస్తున్న పరిశోధకురాలికి సమాధానం

ప్రశ్న: క్యాన్సర్ మందుల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. మొక్కల్లో దొరికే, చాలా కాలంగా తెలిసిన ఒక ఫినాలిక్ పదార్థాన్ని తీసుకుని, దాని నిర్మాణంలో ఒక భాగం మార్చి 14 కొత్త అణువులు తయారుచేశాను. వాటిలో ఒకటి, హార్మోన్ మందులకు లొంగని ట్రిపుల్ నెగటివ్ రకం రొమ్ము క్యాన్సర్ కణాలను మూలపదార్థం కన్నా చాలా తక్కువ మోతాదులోనే చంపుతోంది. వచ్చే నెల జరిగే కాన్ఫరెన్స్‌లో పోస్టరుకు నా అబ్‌స్ట్రాక్ట్ (పరిశోధన సారాంశం) ఎంపికైంది. గైడు పేపరు ముందు రావాలంటున్నారు. మా విశ్వవిద్యాలయంలో పేటెంట్లు, లైసెన్సులు చూసే టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసు వాళ్లు పేటెంటు ముందు వేయాలంటున్నారు. ఏది ముందు? అందులో ఎవరెవరి పేర్లు ఉండాలి? వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా వేధిస్తున్నది ఒకటుంది. పేటెంటు వేస్తే, ఈ మందు రేపు డబ్బున్నవాళ్లకే దక్కేలా నేనే చేసినట్టవుతుందా?

సమాధానం: కాన్ఫరెన్స్ నిర్వాహకులకు ఈరోజే రాసి, అబ్‌స్ట్రాక్టుల సంకలనం ఆన్‌లైన్‌లో ఏ తేదీన పెడతారో కనుక్కోండి. మీకు అసలు గడువు ఆ తేదీయే, కాన్ఫరెన్స్ మొదలయ్యే రోజు కాదు. చాలా సంస్థలు సంకలనాన్ని సమావేశానికి రోజులో వారాలో ముందే బయటపెడతాయి. అది బయటికొచ్చిన క్షణం నుంచి మీ అణువు లోకానికి తెలిసినదే అవుతుంది. పేటెంటు చట్టం అడిగే మొదటి ప్రశ్న కొత్తదా కాదా అన్నదే. ఆ విషయాన్ని బయటపెట్టింది మీరే అయినా యూరప్ చట్టం క్షమించదు. అమెరికా, జపాన్, దక్షిణ కొరియా మాత్రం సొంతంగా బయటపెట్టినవారికి ఏడాది గడువిస్తాయి. మిగతా చాలా దేశాల్లో మినహాయింపులు ఉన్నా ఇరుకుగా ఉంటాయి, షరతులతో ఉంటాయి. వాటిని నమ్ముకుని ముందడుగు వేయకండి.

ఇందుకు పెద్ద ఉదాహరణ జన్యువులను కత్తిరించి కలిపే రికాంబినెంట్ డీఎన్‌ఏ పద్ధతి. స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ తమ పేపరును 1973 నవంబరులో ప్రచురించారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం దరఖాస్తు వేసింది 1974 నవంబరు 4న, అంటే అమెరికా ఇచ్చే ఏడాది గడువు ముగియడానికి కొద్ది రోజుల ముందు. అమెరికాలో పేటెంటు దక్కింది కానీ, పేపరు అప్పటికే వెలువడడంతో మిగతా దేశాల్లో హక్కు పోయింది.

"పోస్టరే కదా, ఎవరికీ కాపీలు ఇవ్వను" అన్నా చెల్లదు. క్లోప్‌ఫెన్‌స్టీన్ కేసులో 2004లో అమెరికా అప్పీలు కోర్టు, రెండు మూడు రోజులు గోడకు పెట్టిన పోస్టరును ప్రచురణగానే లెక్కించింది. థీసిస్ సంగతీ అంతే. హాల్ కేసులో 1986లో అదే కోర్టు, ఒక జర్మన్ విశ్వవిద్యాలయ లైబ్రరీ కేటలాగులో చేరిన ఒకే ఒక్క థీసిస్ ప్రతిని ఆధారంగా తీసుకుని పేటెంటును నిరాకరించింది. ప్రీప్రింట్ (సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టే పేపరు), యూట్యూబ్‌లోకెక్కిన సెమినార్, నిర్మాణాన్ని చూపించే గ్రాంటు సారాంశం కూడా ఈ కోవలోకే వస్తాయి. జర్నలుకు పేపరు పంపడం మాత్రం బయటపెట్టడం కాదు. సమీక్షకులు గోప్యత పాటించాలి కాబట్టి, ఆన్‌లైన్‌లో వెలువడే రోజు దాకా ఇబ్బంది లేదు.

అందుకే మీ గైడు మాటకూ ఆఫీసు మాటకూ మధ్య నిజమైన తగువేమీ లేదు. ఉదయం ప్రొవిజనల్ దరఖాస్తు (తేదీ దక్కించుకోవడానికి వేసే తాత్కాలిక దరఖాస్తు) దాఖలైతే, సాయంత్రం పేపరు పంపుకోవచ్చు. ఈ వరస తిరగబడితేనే నష్టం. సంకలనం తేదీలోపు దాఖలు చేయడం కుదరదని తేలితే, అబ్‌స్ట్రాక్టును వెనక్కి తీసుకోవడమో, నిర్మాణమూ తయారీ విధానమూ తీసేసి "7వ సమ్మేళనం" అన్న పేరుతో ఫలితాలు మాత్రమే ఉంచడమో చేయండి. రెండోది పూర్తి రక్షణ కాదు. నిర్మాణం దొరక్కపోయినా, "ఈ మూలపదార్థాన్ని ఈ వైపు మారిస్తే పనిచేస్తుంది" అన్న సూచన బయటపడితే, ఇది ఎవరికైనా తట్టేదే కదా అని రేపు పరిశీలకుడు అనగలడు.

ఇక దరఖాస్తులో ఏం ఉండాలన్నది. తొందరలో చాలా ఆఫీసులు చేసే పని, అబ్‌స్ట్రాక్టునే కవరింగ్ పేజీతో దాఖలు చేయడం. దాంతో తేదీ దక్కినట్టు కనిపిస్తుంది కానీ దక్కదు. ప్రాధాన్య తేదీ (ఎవరు ముందన్నది తేల్చే తేదీ) ఆ కాగితాల్లో రాసిన విషయానికే వర్తిస్తుంది, రాయనిదానికి కాదు. ఏడాది తర్వాత పూర్తి దరఖాస్తులో మిగతా 13 అణువులూ చేర్చితే, వాటికి ఆ పూర్తి దరఖాస్తు తేదీయే వస్తుంది. అప్పటికి మీ పోస్టరే మీకు అడ్డం నిలబడుతుంది.

కాబట్టి 14 అణువుల నిర్మాణాలూ రాయండి. ప్రతిదాన్నీ ఏ రసాయనాలతో, ఏ ఉష్ణోగ్రతలో, ఎంతసేపు చేసి, ఎంత దిగుబడి సాధించారో రాయండి. నిర్మాణాన్ని నిర్ధారించే ఎన్‌ఎంఆర్, మాస్ స్పెక్ట్రమ్ వివరాలు, హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో తేలిన శుద్ధత జతచేయండి. శుద్ధత 95 శాతానికి తక్కువగా ఉన్న నమూనాతో వచ్చిన ఫలితం మీద, అది మలినం చేసిన పని కావచ్చని ఎవరైనా వేలు చూపగలరు. ఐసీ50 (కణాల పెరుగుదలను సగానికి తగ్గించే మోతాదు) పట్టికలో బాగా పనిచేయని అణువులనూ ఉంచండి. ఏ మార్పు వల్ల శక్తి పెరిగిందో, ఏ మార్పు వల్ల తగ్గిందో చూపేది ఆ బలహీనమైన అంకెలే. ఎన్ని గంటలు, ఎన్నిసార్లు, ఏ పద్ధతిలో కొలిచారో కూడా చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యం, మూలపదార్థంతో పక్కపక్కనే పోలిక. అవే కణాలు, అదే రోజు, అదే ప్లేటు. తెలిసిన పదార్థానికి చేసిన మార్పు మీద దరఖాస్తు వేసినప్పుడు ప్రతి దేశంలోనూ ఎదురయ్యే ప్రశ్న, ఇందులో అనుకోని మెరుగు ఏముంది అన్నది. భారత పేటెంటు చట్టం 3(డి) సెక్షన్ దీన్ని మరింత గట్టిగా అడుగుతుంది. తెలిసిన పదార్థపు కొత్త రూపాలు, డెరివేటివ్‌లు ప్రభావంలో గణనీయంగా భిన్నంగా ఉంటే తప్ప అక్కడ పేటెంటు లేదు. రక్త క్యాన్సర్ మందు ఇమాటినిబ్ మెసిలేట్ బీటా స్ఫటిక రూపం కేసులో 2013 ఏప్రిల్ 1న భారత సుప్రీంకోర్టు, మందుల విషయంలో ప్రభావం అంటే చికిత్సాపరమైన ప్రభావమేనని తేల్చింది. రక్తంలోకి మందు చేరే మోతాదు 30 శాతం పెరిగిందని నోవార్టిస్ చూపినా, రోగికి అదనపు మేలు జరిగినట్టు రుజువు కాలేదని దరఖాస్తును తోసిపుచ్చింది. మీ 14 అణువులకూ ఇదే పరీక్ష ఎదురుకావచ్చు. కణాల్లో చూసిన పోలికకు తోడు, ఈ ఏడాదిలో ఎలుకల్లో కూడా మూలపదార్థంతో పోల్చి చూడాలి.

ఫినాలిక్ పదార్థం అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. మీ కొలత ఎంటీటీ పద్ధతిలో (బతికున్న కణాలు ఎంటీటీ అనే రసాయనం రంగును మార్చడాన్ని కొలిచే పద్ధతి) జరిగి ఉంటే, ఇలాంటి పదార్థాలు కణాలతో పనిలేకుండా తామే ఆ రంగును మార్చగలవు. కణాలు లేని గుంటల్లో మందూ ఎంటీటీ మాత్రమే వేసి చూడండి. కణాల్లోని శక్తి అణువు ఏటీపీని కొలిచే పద్ధతితోనూ, కాలనీలు ఏర్పడే పరీక్షతోనూ ఫలితాన్ని సరిచూసుకోండి. కణాలు అవేనా అన్నది ఎస్‌టీఆర్ అనే డీఎన్‌ఏ గుర్తింపు పరీక్షతో నిర్ధారించుకోండి. ఎండీఏ-ఎంబీ-435 అనే కణాలను రొమ్ము క్యాన్సర్‌వని ఏళ్ల తరబడి వాడారు. చివరికి అవి మెలనోమా కణాలని తేలింది. దాఖలయ్యాక పేటెంటు కాగితాల్లోని విషయాన్ని పెంచడానికి వీలుండదు. తప్పుడు అంకె అందులో ఉంటే అది అలాగే ఉండిపోతుంది.

క్లెయిములు (ఏది మీ హక్కో చెప్పే వాక్యాలు) ఎంత వెడల్పుగా ఉండాలి? దరఖాస్తు రాసిపెట్టే పేటెంటు ఏజెంటు మీ 14 అణువుల నుంచి ఒక సామాన్య సూత్రం గీసి, దాని కింద వేల అణువులను కలుపుతారు. అది మామూలే. కానీ ఆ వెడల్పును మోసే ఉదాహరణలు ఉండాలి. కార్-టీ చికిత్సలో (రోగనిరోధక కణాలనే మార్చి క్యాన్సర్ మీదికి వదిలే చికిత్స) జూనో, కైట్ కంపెనీల తగాదా చూడండి. స్లోన్ కెటరింగ్ పేటెంటు ఆధారంగా జూనోకు కింది కోర్టు 120 కోట్ల డాలర్లు ఇప్పించింది. 2021లో అప్పీలు కోర్టు ఆ పేటెంటు క్లెయిములే చెల్లవంది. ఏ లక్ష్యాన్ని పట్టుకునే యాంటీబాడీ ముక్కైనా మాదే అన్నట్టు కోరి, కాగితాల్లో వర్ణించింది మాత్రం రెండింటినే. మీరు వెడల్పైన క్లెయిమ్ ఒకటి, దాని కింద మధ్యస్థం ఒకటి, చివరికి ఆ ఒక్క అణువుకే పరిమితమైనది ఒకటి పెట్టించండి. పైవి కూలినా కిందిది నిలుస్తుంది. మోతాదులను, లవణ రూపాలను, ఇప్పటికే వాడుతున్న పాక్లిటాక్సెల్ లాంటి మందులతో కలిపి వాడే అవకాశాన్ని మొదటి కాగితాల్లోనే ప్రస్తావించండి. చేయని ప్రయోగాన్ని రాస్తే భవిష్యత్కాలంలోనే రాయాలి. చేసినట్టు రాస్తే అది మోసం కిందికి వస్తుంది, పేటెంటే పోవచ్చు.

ఇక్కడి నుంచి గడియారం నడిచే తీరు తెలిస్తే మీకు చాలా నిర్ణయాలు తేలికవుతాయి. మొదటి దాఖలు నుంచి 12 నెలల్లోపు పూర్తి దరఖాస్తు, దానితోపాటు పీసీటీ దరఖాస్తు (ఒకే దాఖలుతో చాలా దేశాలకు దారి తెరిచి ఉంచే అంతర్జాతీయ దరఖాస్తు) వేయాలి. 18వ నెలలో అది ప్రచురితమవుతుంది. 30 నెలలకు (కొన్ని చోట్ల 31) ఏయే దేశాల్లోకి వెళ్లాలో తేల్చుకోవాలి. ఖర్చు ఒక్కసారిగా పెరిగేది అక్కడే. ప్రతి దేశానికీ ఫీజు, అనువాదం, స్థానిక ఏజెంటు కావాలి. అప్పటికి ఏ కంపెనీ ముందుకు రాకపోతే చాలా విశ్వవిద్యాలయాలు దరఖాస్తును వదిలేస్తాయి. పేటెంటు ఆయుష్షు దాఖలు నుంచి 20 ఏళ్లు. క్లినికల్ ట్రయల్స్ ముగిసి అనుమతి వచ్చేసరికి అందులో సగం దాకా కరిగిపోవడం మామూలే. అమెరికా, యూరప్‌లలో మందులకు గరిష్ఠంగా 5 ఏళ్ల పొడిగింపు ఉన్నా, మరీ ముందే దాఖలు చేస్తే నష్టపోయేది ఆ చివరి ఏళ్లే. కాన్ఫరెన్స్ ఒత్తిడి లేకపోతే, ఎలుకల ఫలితాలు వచ్చేదాకా ఆగమనే చెప్పేవాళ్లం.

ప్రొవిజనల్ వేసి, నచ్చకపోతే వదిలేసి, మళ్లీ కొత్త తేదీతో వేసుకోవచ్చని ఎవరో ఒకరు మీకు చెబుతారు. నిజమే, ప్రచురితం కాకుండా వదిలేసిన దరఖాస్తు అడ్డం రాదు. అయితే ఈ మధ్యలో మీరు పోస్టరు పెట్టేస్తారు కాబట్టి ఆ దారి మీకు మూసుకుపోతుంది. దాఖలైన రోజు నుంచి 12 నెలలే మీ గడువు అనుకుని ప్రయోగాల పట్టిక వేసుకోండి.

దాఖలు చేసే ముందు ఒక సాయంత్రం వెతుకులాటకు కేటాయించండి. పేటెంట్లు వెతికే సైట్లు ఎస్పాసెనెట్, పేటెంట్‌స్కోప్ రెండూ ఉచితం. క్యాన్సర్ మందులన్నీ ఏ61పీ 35/00 అనే వర్గీకరణ కింద ఉంటాయి. మూలపదార్థం పేరును ఆ సంఖ్యతో కలిపి వెతకండి. అణువు నిర్మాణాన్ని గీసి వెతకడానికి పబ్‌కెమ్, ష్యూర్‌కెంబిల్ ఉన్నాయి. గత 18 నెలల్లో ఇతరులు వేసినవి ఇంకా బయటికి రాలేదు కాబట్టి ఏ వెతుకులాటా సంపూర్ణం కాదన్నది గుర్తుంచుకోండి.

పేర్ల విషయం. పేపరులో రచయితలు వేరు, పేటెంటులో ఆవిష్కర్తలు వేరు. ఏ క్లెయిమైనా సరే, దాని వెనకున్న ఆలోచనలో చెయ్యి ఉన్నవారే ఆవిష్కర్తలు. ఫలానా చోట ఈ మార్పు చేద్దామని తేల్చింది మీరైతే మీరు, గైడు కలిసి తేల్చితే ఇద్దరూ. చెప్పిన పరీక్షను చెప్పినట్టు చేసిపెట్టిన సహచరుడు, ల్యాబుకు నిధులు తెచ్చిన విభాగాధిపతి ఆ కారణంతోనే ఆవిష్కర్తలు కారు. మర్యాద కోసం ఒక పేరు చేర్చినా, కోపంతో ఒక పేరు తీసేసినా పేటెంటుకే ముప్పు. రోగనిరోధక కణాలకు బ్రేకు వేసే పీడీ-1 ప్రొటీన్ మీద తసుకు హోంజో పరిశోధన 2018 నోబెల్‌కు దారితీసింది. దాని ఆధారంగా వచ్చిన పేటెంట్లలో తనతో కలిసి పనిచేసిన గోర్డన్ ఫ్రీమన్, క్లైవ్ వుడ్ పేర్లు లేవు. ఫ్రీమన్ పనిచేసే డానా-ఫార్బర్ క్యాన్సర్ సంస్థ కోర్టుకెక్కింది. ఆ ఇద్దరూ సహ ఆవిష్కర్తలేనని 2020లో అమెరికా అప్పీలు కోర్టు తేల్చింది. అమెరికాలో సహ ఆవిష్కర్తకు తన వాటా హక్కును మిగతావారి అనుమతి లేకుండానే లైసెన్సు ఇచ్చుకునే వీలుంది. ఒక పేరు వదిలితే ఏమవుతుందో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఎవరు ఏ రోజు ఏం ప్రతిపాదించారో నోట్‌బుక్‌లో తేదీతో, సాక్షి సంతకంతో ఉంచండి. 2013 మార్చి 16 నుంచి అమెరికా కూడా ముందు దాఖలు చేసినవారికే ప్రాధాన్యమిచ్చే పద్ధతికి మారింది. అయినా ఆవిష్కర్తల తగువుల్లో ఆ నోట్‌బుక్కే సాక్ష్యం.

ఇప్పుడు మిమ్మల్ని వేధిస్తున్న ప్రశ్న. దానికి తేలిక జవాబు లేదు కానీ స్పష్టమైన జవాబుంది. రోగికి మందు అందుతుందా లేదా అన్నది పేటెంటు దాఖలు చేయడం వల్ల తేలదు, లైసెన్సు రాసే తీరుతో తేలుతుంది.

పేటెంటు వేయకపోవడమే మేలు అనుకునేవారు మందు తయారీలోని ఒక కఠిన వాస్తవాన్ని మరచిపోతారు. కొత్త అణువును మనుషులకు ఇచ్చేముందు విషప్రభావ పరీక్షలు, మూడు దశల ట్రయల్స్ జరగాలి. ఆ డబ్బు పెట్టేవారు, పరీక్షలన్నీ తాము చేస్తే ఎదుటివాడు అదే అణువును అమ్ముకునే పరిస్థితి ఉంటే అడుగు ముందుకు వేయరు. పేపరుగా వెలువడి, ఎవరి సొంతమూ కాక, ఎవరూ ముట్టుకోక ఆగిపోయిన అణువు ఏ రోగికీ అందదు. పాక్లిటాక్సెల్ కథ దీన్ని రెండు వైపులనుంచీ చూపిస్తుంది. పసిఫిక్ యూ చెట్టు బెరడులోని ఆ అణువు నిర్మాణాన్ని వాల్, వాని బృందం 1971లో ప్రచురించింది. అణువు మీద పేటెంటు లేదు. ప్రజాధనంతో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ ఏళ్ల తరబడి దాన్ని నడిపించింది. 1991లో బ్రిస్టల్-మయర్స్ స్క్విబ్ వచ్చి చేరింది, 1992 డిసెంబరులో అనుమతి వచ్చింది. పేటెంటు లేకపోయినా, కొత్త మందుకు చట్టమిచ్చే 5 ఏళ్ల ప్రత్యేక హక్కు కంపెనీకి దక్కింది. బెరడు కోసం చెట్లను చంపే అవసరం లేకుండా, యూ ఆకుల్లోని పదార్థం నుంచి అదే మందును తయారుచేసే మార్గం కనిపెట్టిన రాబర్ట్ హోల్టన్ పేటెంట్లు ఫ్లోరిడా స్టేట్ విశ్వవిద్యాలయానికి కోట్ల డాలర్ల రాయల్టీ తెచ్చాయి. అంటే పేటెంటు లేనంత మాత్రాన మందు ఉచితం కాలేదు. పేటెంటు లేని అణువును మోయడానికి ప్రభుత్వం లాంటి పెద్ద భుజం కావాల్సి వచ్చింది.

పరిశోధనకు వాడే పనిముట్ల సంగతి వేరు, అక్కడ మీ ఆందోళన పూర్తిగా సరైనదే. కోలర్, మిల్‌స్టీన్ 1975లో ప్రచురించిన మోనోక్లోనల్ యాంటీబాడీ పద్ధతికి పేటెంటు లేదు. ఎవరైనా వాడుకోగలిగారు. కోహెన్-బోయర్ పద్ధతికి పేటెంటు ఉన్నా, అడిగిన ప్రతివారికీ లైసెన్సు ఇచ్చారు. వందల కంపెనీలు తీసుకున్నాయి. హార్వర్డ్‌లో తయారైన ఆంకోమౌస్‌కు (క్యాన్సర్ వచ్చేలా జన్యువులు మార్చిన ఎలుక) 1988లో పేటెంటు వచ్చి, హక్కులు డ్యూపాంట్ చేతిలో పడినప్పుడు, ఆ ఎలుకను వాడే ల్యాబులు షరతులతో సతమతమయ్యాయి. విశ్వవిద్యాలయాలకు ఊరట అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ కలగజేసుకున్నాకే దొరికింది. రొమ్ము క్యాన్సర్ ముప్పును చూపే బీఆర్‌సీఏ జన్యువుల పేటెంట్లతో మిరియడ్ కంపెనీ పరీక్షను తన గుప్పిట్లో ఉంచుకుంది. 2013 జూన్ 13న అమెరికా సుప్రీంకోర్టు, శరీరం నుంచి వేరుచేసిన సహజ డీఎన్‌ఏకు పేటెంటు చెల్లదని ఏకగ్రీవంగా చెప్పాకే ఇతర ల్యాబులు ఆ పరీక్షలు చేయగలిగాయి. మీ పనిలో కొత్త కణాల వరుసో, కొలిచే పద్ధతో పుట్టి ఉంటే దాన్ని ఏ ఒక్క కంపెనీకీ కట్టబెట్టకండి. ఆ అణువుకు మాత్రం ఒక కంపెనీకే ఇచ్చే లైసెన్సు తప్పకపోవచ్చు.

అలాంటప్పుడు లైసెన్సులో ఏం రాయించాలి? కంపెనీ రెండేళ్లో మూడేళ్లో, ఒప్పుకున్న గడువులో మనుషుల మీద పరీక్షకు అనుమతి కోరాలి. కోరకపోతే హక్కు విశ్వవిద్యాలయానికి తిరిగి రావాలి. తీసుకుని అటకెక్కించే కంపెనీల నుంచి కాపాడేది ఈ షరతే. మీ విశ్వవిద్యాలయమూ ఇతర లాభాపేక్ష లేని ల్యాబులూ అణువును పరిశోధనకు వాడుకునే హక్కు, ఫలితాలు ప్రచురించే హక్కు మీ దగ్గరే ఉండాలి. రొమ్ము క్యాన్సర్‌కు తీసుకున్న కంపెనీ, ఇతర వ్యాధులను ముట్టుకోకుండా తన దగ్గర బంధించకూడదు. తక్కువ ఆదాయ దేశాల్లో అసలు దాఖలు చేయకపోవడమో, అక్కడ జెనెరిక్ తయారీదారులకు సబ్-లైసెన్సు ఇచ్చి తీరాలన్న నిబంధనో పెట్టించండి. ఇది గాలిలో మేడ కాదు. 2022లో నోవార్టిస్ తన రక్త క్యాన్సర్ మందు నిలోటినిబ్ కోసం, పేద దేశాలకు మందుల లైసెన్సులు కుదిర్చే మెడిసిన్స్ పేటెంట్ పూల్‌తో అలాంటి ఒప్పందం చేసుకుంది. క్యాన్సర్ మందుకు ఆ సంస్థ ద్వారా కుదిరిన మొదటి లైసెన్సు అదే.

ఇవన్నీ సంతకానికి ముందే అడగాలి. ఆ తర్వాత ప్రభుత్వం సరిదిద్దుతుందని నమ్ముకోవడం కష్టం. అమెరికాలో ప్రజాధనంతో పుట్టిన పేటెంట్ల విషయంలో జోక్యం చేసుకునే అధికారం 1980 నాటి బే-డోల్ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన ప్రొస్టేట్ క్యాన్సర్ మందు ఎంజాలుటమైడ్ ధర భరించలేక రోగులు ఆ అధికారాన్ని వాడమని అడిగితే, 2023లో తిరస్కరించారు. భారతదేశంలో 2012లో క్యాన్సర్ మందు సోరాఫెనిబ్ తయారీకి నాట్కో కంపెనీకి నిర్బంధ లైసెన్సు (పేటెంటు యజమాని ఒప్పుకోకపోయినా ప్రభుత్వం ఇచ్చే అనుమతి) ఇచ్చారు. మొదట 6 శాతం, అప్పీలులో 7 శాతం రాయల్టీ మీద. నిర్బంధ లైసెన్సు పనిచేయగలదని అది చూపింది కానీ, అది రోగులు ఏళ్లపాటు ఎదురుచూశాక వచ్చే పరిష్కారం. మీ ఆఫీసులో లైసెన్సు ముసాయిదా రాసే ఒక్క గంటలో అంతకన్నా ఎక్కువ చేయవచ్చు. ఆవిష్కర్త అడిగితే వింటారు. అడగకపోతే ఆ కాలమ్ ఖాళీగానే ఉంటుంది. మీ ఆందోళనను ఇప్పుడే, ఆవిష్కరణను ఆఫీసుకు తెలిపే డిస్‌క్లోజర్ ఫారంతోపాటు లిఖితపూర్వకంగా ఇవ్వండి.

ఇంకొక చిన్న పని మిగిలింది. మీరు వాడిన కణాలు, ప్లాస్మిడ్లు (చిన్న డీఎన్‌ఏ వలయాలు), ఎలుకలు ఏ ఒప్పందం మీద మీ ల్యాబుకు వచ్చాయో చూడండి. కొన్ని ఒప్పందాల్లో, వాటితో కనిపెట్టినదాని మీద ఇచ్చినవారికి హక్కో, ముందుగా లైసెన్సు కోరే వీలో ఉంటుంది. మీ గైడుకు గుర్తులేకపోతే ఆ కాగితం కాపీ టెక్నాలజీ ట్రాన్స్‌ఫర్ ఆఫీసు దగ్గరో, కొనుగోళ్ల విభాగంలోనో దొరుకుతుంది. దరఖాస్తు దాఖలయ్యే లోపు దాన్ని ఏజెంటుకు చూపించండి.